పెద్దాయనకి ఇల్లు చూడాలి

“అది మీద పడితే నన్నెవరు లేపుతారే? మీ నాన్న బస్సులో ఉంటారు, నువ్వు క్లినిక్‌లో ఉంటావు. సాయంత్రం మీరొచ్చేదాకా నేను దాని కిందే పడుండాలా?”

కుక్క ఇంకా ఇంటికి రానే లేదు. పొద్దున్నే టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, పొంగిపోతుందేమోనని దాని మీదికి వంగి నిలబడి, తల్లి ఈ మాట అడగడం లేచిన దగ్గర్నుంచీ ఎన్నోసారో.

చిన్ని బూట్ల లేసులు కట్టుకుంటూ నవ్వింది. పేరేదైనా, ఇంట్లో అందరికీ ఆమె చిన్ని. జంతువుల డాక్టరు దగ్గర సహాయకురాలు. కట్లు కట్టడం, సూది వేసేటప్పుడు కదలకుండా పట్టుకోవడం ఆమె పని.

“దానికేం పనీ పాటా లేదా అమ్మా, వచ్చి నీ మీద పడడానికి?”

“లేదనేగా నా భయం. పని లేనివాళ్ళే మీద పడతారు.”

తండ్రి బస్సు డ్రైవరు. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ, “పడితే నాకు ఫోన్ చెయ్యి. బస్సు ఇటు తిప్పుకొస్తాను. ప్రయాణికులందరం కలిసి లేపుతాం,” అన్నాడు.

“మీకు నవ్వులాటగానే ఉంటుంది.”

“ఇల్లు దొరికేదాకానే అమ్మా,” చిన్ని బ్యాగు తగిలించుకుంది. “కుక్కల షెల్టర్‌లో బోనులు చాలట్లేదు. వీడు మనింటికొస్తే ఆ బోనులోకి ఇంకో కుక్క వస్తుంది. మంచి ఇల్లు చూసి ఇచ్చేద్దాం. సరేనా? వెళ్తున్నా.”

“చేరగానే...”

“చెప్తాను తల్లీ, చెప్తాను.”

ఆ ఇంట్లో బయటికెళ్ళిన మనిషి ఎక్కడికి వెళ్ళినా ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి. “చేరాను.” అంతే, ఇంకేం అక్కర్లేదు. తండ్రి బస్సు ఆఖరి స్టాపుకి చేరగానే చెప్తాడు, చిన్ని క్లినిక్ మెట్లెక్కుతూ చెబుతుంది. మేడ మీదకి బట్టలారెయ్యడానికి వెళ్ళినప్పుడు కూడా తండ్రి పైనుంచి “చేరానోయ్” అని అరుస్తాడు, వీధిలో వాళ్ళంతా నవ్వుకుంటారు. “ఎందుకమ్మా అంత భయం? ఎప్పుడైనా ఏమన్నా జరిగిందా?” అని అడిగినవాళ్ళకి తల్లి దగ్గర ఒకటే జవాబు. “ఏమీ జరగలేదు. అదే నా భయం. జరగాల్సింది ఎక్కడో దాక్కుని ఉన్నట్టుంటుంది.”

సాయంత్రం షెల్టర్ వ్యాను గేటు ముందు ఆగింది. చిన్ని దిగింది. తర్వాత కుక్క దిగడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళు నేల మీదకి వచ్చి ఎంతసేపైనా వెనక భాగం ఇంకా వ్యానులోనే ఉన్నట్టనిపించింది పైనుంచి చూస్తున్న తల్లికి. బూడిద రంగు ఒళ్ళు, ఒక చెవి చివర తెగి ఉంది, తల చూస్తే పీట అంత. అది మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడగానే బయటి వెలుగు కనిపించడం మానేసింది.

“రండి పెద్దాయనా, రండి. లోపలికి దయచెయ్యండి,” అని తండ్రి పక్కకి తప్పుకుని చెయ్యి చాపాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

తల్లి కుట్టుమిషను వెనక్కి పోయి నిలబడింది. ఆమెది ఇంట్లోనే కుట్టుపని. జిప్పులు మారుస్తుంది, పొడుగైనవి కుదిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. అందుకే ముందు ఆమె కన్ను కుక్క మెడ మీదకే పోయింది. మెడ చుట్టూ పట్టీ కుట్టినట్టు, ఒక్క వెంట్రుక లేకుండా నున్నటి గీత.

“అదేంటే?”

“గొలుసు గుర్తు. మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర కట్టేసి ఉన్నాడు. ఫ్యాక్టరీ మూసేశారు, అందరూ ఎవరిదారిన వాళ్ళు పోయారు. వీణ్ణి విప్పడం ఎవరి పనో ఎవరికీ తెలీలేదు.”

మర్నాడు ఇంట్లో ఇద్దరే మిగిలారు, తల్లీ కుక్కా. ఇద్దరి మధ్యా ఒక స్టూలు అడ్డం పెట్టుకుని ఆమె కుట్టు మొదలుపెట్టింది. కుక్క ఆమె వంక చూడనే లేదు. హాలు మధ్యలో నిలబడి నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది. గోడ దాకా చోటున్నా పోదు, వంటింటి వైపు తలుపు తీసే ఉన్నా పోదు. ఒక చోటికి రాగానే తల వెనక్కి లాగినట్టు ఆగి, మళ్ళీ అదే చుట్టు తిరుగుతుంది. కొలతలతో బతికే మనిషి కాబట్టి తల్లికి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. గొలుసు పొడుగు అది. గొలుసు తీసేసినా కొలత మారలేదు.

‘పిచ్చి ముండ,’ అనుకుంది. అయినా స్టూలు మాత్రం తియ్యలేదు.

స్టూలు తీసింది వాన రోజున. ఉరుము ఉరిమిందో లేదో, ఆ పెద్ద శరీరం గదిలోకి దూసుకొచ్చి స్టూలుని ఒక మూలకి, బట్టల బుట్టని ఇంకో మూలకి తోసేసి, మిషను కింద దాక్కుంది. దాక్కుందంటే, పట్టినంత తల లోపల పెట్టింది, మిగిలిన ఒళ్ళంతా బయటే. తల్లి కుర్చీ ఎక్కి నిలబడి గావుకేక పెట్టింది. కేక అయిపోయాక చూస్తే, డబ్బాలో కత్తెరలు గలగలలాడుతున్నాయి. కుక్క వణుకుతోంది, దానితో మిషను వణుకుతోంది.

“నీకూ భయమేనా?” అంది ఆమె కుర్చీ మీద నుంచే. “ఇంత ఒళ్ళు పెట్టుకుని?”

మెల్లగా దిగింది. ఒక వేలితో ముట్టుకుంది. తర్వాత చెయ్యి పెట్టింది.

ఆ రోజు నుంచి పెద్దాయన చోటు మిషను కిందే. గడ్డం సరిగ్గా పెడల్ మీద ఆనించి పడుకుంటాడు. తొక్కితే నలుగుతాడేమోనని ఆమె చక్రాన్ని చేత్తో తిప్పుతూ కుట్టడం మొదలుపెట్టింది. పని సగానికి సగం పడిపోయింది. “మిషను పాడైందా అక్కా?” అని బట్టలిచ్చినవాళ్ళు అడిగితే, “బెల్టు జారుతోందమ్మా,” అని అబద్ధం చెప్పింది. పాత కోటు లోపలి మెత్తటి గుడ్డ తీసి, ఆ నున్నటి గీత రాసుకుపోకుండా మెడకి పట్టీ కుట్టింది. ‘అది’ కాస్తా ఎప్పుడు ‘వాడు’ అయ్యాడో ఆమెకే తెలీదు.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు మాత్రం చిన్నిని మెట్ల దగ్గర పట్టుకున్నాడు. “ఇది కుక్కా, దూడా? నా మెట్లు అరిగిపోతున్నాయి. నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత అదన్నా ఉండాలి, మీరన్నా ఉండాలి.”

చిన్ని ఆ రాత్రి అన్నం దగ్గర తలొంచుకుని చెప్పింది. “నెలాఖరులోపు ఇల్లు దొరక్కపోతే మళ్ళీ బోనే అమ్మా. అక్కడున్నన్నాళ్ళూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. ఇంకోసారి అక్కడికి వెళ్తే తట్టుకోడు.”

“అయితే ఎలా?”

“షెల్టర్ వాళ్ళు ఇంటర్నెట్‌లో ఫోటో పెట్టారు. నీ నంబరిచ్చాను. నా చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒక పిల్లీ కుక్కా ఉంటాయి, ఫోన్ తియ్యలేను. ఎవరన్నా అడిగితే సాయంత్రం వచ్చి చూడమను. అంతే.”

అంతే అంది గానీ, ఫోన్ ఎత్తే మనిషి ఎవరో ఆలోచించుకోలేదు.

మొదటి ఫోన్ ఒక గోడౌన్ మనిషిది. “కాపలాకి కావాలండీ. గట్టి గొలుసుంది మా దగ్గర,” అన్నాడు. తల్లి సమాధానం చెప్పకుండా పెట్టేసింది. అందులో ఆమె తప్పేమీ లేదు. కానీ ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా ఆమెకి చెవిలో గొలుసు చప్పుడే వినిపించింది.

కొత్తగా పెళ్ళయిన జంట అడిగారు. “మీరు పై అంతస్తులోనా? మెట్ల మీద వాడు ముందు నడిచి మిమ్మల్ని లాగితే? కాలు విరిగితే ఎవరున్నారు చూడ్డానికి?” అంది. ఒక ముసలాయన అడిగాడు. “మీకేమన్నా అయితే తర్వాత వీడెక్కడికి పోతాడండీ?” అంది. ఆయన “నిజమేనమ్మా,” అని పెట్టేశాడు. ఒక స్కూలు టీచరు రెండుసార్లు చేసింది. పెరడుందట, ఇద్దరు పిల్లలట, పెద్ద కుక్కలంటే ప్రాణమట.

“కరుస్తాడా అండీ?” అని టీచరు అడిగింది.

“ఇంతవరకూ లేదు,” అంది తల్లి.

“పిల్లలతో బాగుంటాడా?”

“ఇంతవరకూ పిల్లల్ని చూళ్ళేదు కదండీ. తోక తగిలితేనే చంటిది పడిపోతుంది. పడితే తలకి తగులుతుందా, చేతికి తగులుతుందా మనం చెప్పలేం...”

టీచరు మళ్ళీ చెయ్యలేదు. తల్లి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాననే అనుకుంది. రేపు ఏదన్నా జరిగితే, ముందే చెప్పలేదేం అని తన కూతుర్నేగా అంటారు!

రోజూ సాయంత్రం చిన్ని వస్తూనే అడిగేది. “ఎవరన్నా చేశారా?”

“చేశారు. మళ్ళీ చెప్తామన్నారు.”

“ఎందుకు ఒక్కళ్ళూ రావట్లేదో,” అంటూ చిన్ని పెద్దాయన చెవి నిమిరేది. “నీ మొహం ఫోటోలో సరిగ్గా పడలేదురా.”

నెలాఖరు దగ్గరపడింది. ఆ సాయంత్రం చిన్ని బూట్లు విప్పకుండానే లోపలికొచ్చింది. తండ్రి డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల్లి మిషను చక్రం తిప్పుతోంది.

“టీచరుతో ఏం చెప్పావమ్మా?”

“ఏ టీచరు?”

“పెరడున్న టీచరు. ఇద్దరు పిల్లలున్న టీచరు. ఇవాళ క్లినిక్‌కి వచ్చింది. ఒళ్ళో కుక్కపిల్ల. దానికి సూది వేస్తుంటే నేనే పట్టుకున్నాను. మాటల్లో అంది, ‘ముందు ఒక పెద్ద కుక్కని అనుకున్నామండీ, ఆ ఇంట్లో ఆవిడే భయపెట్టేసింది,’ అని. నేను నవ్వుతూ అడిగాను, ఎవరావిడ అని. ఫోన్‌లో నీ నంబరు చూపించింది.”

తల్లి చక్రం ఆపింది. “నేను అబద్ధం చెప్పలేదే.”

“కరుస్తాడా అంటే కరవడు అనడానికేం? ‘ఇంతవరకూ లేదు’ అన్నావట! నేనూ ఇంతవరకూ ఎవర్నీ చంపలేదు. అలా చెప్తావా నా గురించి?”

“చిన్నీ, మెల్లగా,” అన్నాడు తండ్రి.

“మీరుండండి నాన్నా. ఎంతమందిని తరిమేశావమ్మా? చెప్పు. వాడు మళ్ళీ బోనులోకి పోవాలనా?”

“నేనెందుకలా అనుకుంటానే! వాడికి ఏమన్నా అవుతుందేమోనని, వాళ్ళకి ఏమన్నా అవుతుందేమోనని, నీ మీదకి ఏమన్నా వస్తుందేమోనని...”

“నా మీదకి రావడానికి ఇంకేం మిగిల్చావు?” అంది చిన్ని. “ఆమధ్య వేరే ఊళ్ళో, జంతువుల పెద్ద హాస్పిటల్లో ఉద్యోగమొస్తే ఏం చేశావు? ఆపరేషన్లు నేర్పిస్తామన్నారు. బ్యాగు సర్దుకున్నాను.”

“నేను వెళ్ళొద్దన్నానా? ఒక్కసారన్నా అన్నానా?”

“అనలేదు! అంటే పోట్లాడి వెళ్ళేదాన్ని. నువ్వు గుమ్మం పక్కన కూర్చుని చప్పుడు చెయ్యకుండా ఏడ్చావు. నేను బ్యాగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. ఏడ్చేవాళ్ళతో ఎవరు పోట్లాడతారమ్మా?”

గొంతులు పెరిగేసరికి పెద్దాయన మిషను కింద నుంచి బయటికొచ్చి, హాలు మధ్యలో నిలబడి, మళ్ళీ ఆ పాత చుట్టు తిరగడం మొదలుపెట్టాడు. అది చూసి చిన్ని మొహం పక్కకి తిప్పుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న చిన్ని టీ తాగకుండా వెళ్ళింది. “చేరగానే...” అంది తల్లి. తలుపు మూసుకుంది.

ఫోన్ రాలేదు.

తల్లి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. దారిలో పెద్ద వంతెన ఉంది. లారీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి. ఏడ్చిన కళ్ళతో దాటిందో ఏమో. తను చేస్తే తియ్యట్లేదు. చివరికి తండ్రే చేశాడు. వెనకాల బస్సు ఇంజను చప్పుడు. “క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. చేరింది. ఒకటి చెప్తాను విను. రోజూ నేను మధ్యవర్తిత్వం చెయ్యలేను. నాకు బస్సు నడిపే పనుంది.”

తర్వాతి రోజులూ అంతే. చిన్ని వస్తుంది, కుక్కకి తిండి పెడుతుంది, దాంతో మాట్లాడుతుంది. తల్లి “తిన్నావా?” అంటే ప్లేటు కడిగి బోర్లించిన చప్పుడే జవాబు. చిన్నప్పుడు కూడా ఇంతే, కొట్టినా మర్చిపోయేది గానీ, లోపల దెబ్బ తగిలితే మాట్లాడేది కాదు.

తల్లి సిగ్గు విడిచి టీచరుకి ఫోన్ చేసింది. ముసలాయనకి చేసింది. టీచరు, “మాకిక చోటు లేదండీ,” అంది. ముసలాయన, “మీరన్నది ఆలోచించానమ్మా. మీరు చెప్పిందే నిజం,” అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఎవరైనా తన మాట నమ్మితే ఇంత బాధగా ఉంటుందని ఆమెకి తెలీదు.

ఒక పొద్దున్న అత్యవసరమైన కేసు వచ్చిందని చిన్ని చీకటితో వెళ్ళిపోయింది. పెద్దాయన్ని బయటికి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. తల్లి మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా, పట్టీ పట్టుకుని మొదటిసారి తనే మెట్లు దిగింది. ఆమె అడుగుకి సరిపడా వాడు మెల్లగా దిగాడు, ముసలివాళ్ళని దింపే మనవడిలా. గేటు తీసింది. వాడు గేటు దాకా వచ్చి ఆగిపోయాడు.

“రా.”

రాలేదు. లాగింది. రాయిలా నిలబడ్డాడు. రోజూ చిన్ని ఎలా తీసుకెళ్ళేదో! పట్టీ మెడ నుంచి విప్పేసింది.

“ఏం లేదురా నీ మెడకి. చూడు. ఎప్పుడో తీసేశారు. ఎవరాపుతున్నారు నిన్ను?”

అన్నదే గానీ, ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చి వీధిలోకి పోలేదు. తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. బ్యాగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన పిల్ల కనిపించింది. దాని మెడకీ ఏమీ లేదు. తను ఏమీ కట్టలేదు. ఏడ్చింది, అంతే.

పిలిస్తే వస్తాడని తెలుసు. తన గొంతంటే వాడికి ఇష్టం. కానీ పిలవలేదు. గేటు దాటి నాలుగడుగులు వేసి, వీపు వాడికేసి పెట్టి నిలబడింది. వాడు ఎటన్నా పరిగెత్తితే? ఏ బండి కిందన్నా పడితే? వెనక్కి తిరగాలని మెడ లాగేస్తోంది. తిరగలేదు. చాలాసేపటికి మోచేతి కింద తడి ముక్కు తగిలింది.

“వచ్చావా?” అంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి టేపే దొరికింది.

ఆ మధ్యాహ్నమే మొక్కల నర్సరీ ఆవిడ ఫోన్ చేసింది. గరుకు గొంతు. “ఫోటో చూశాను. ఇంకా ఉన్నాడా?”

తల్లి నాలుక చివరికి ఒక్కసారిగా అన్నీ వచ్చేశాయి. లారీలు, మెట్లు, ముళ్ళు, పాములు. వాటన్నిటినీ మింగి, “ఉన్నాడండీ. సాయంత్రం మా అమ్మాయి ఉంటుంది, రండి,” అంది.

నర్సరీ ఆవిడ వచ్చింది. గోళ్ళలో మట్టి, మోకాళ్ళ దగ్గర ప్యాంటు వెలిసిపోయి ఉంది. కుర్చీ ఇస్తే కూర్చోకుండా నేల మీద కూర్చుని, కుక్క వైపు చూడకుండా గోడ వైపు చూసింది. కాసేపటికి పెద్దాయనే వెళ్ళి ఆమె భుజం వాసన చూశాడు. చిన్ని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

“వీడి గురించి చెప్పండి,” అంది నర్సరీ ఆవిడ తల్లితో.

తల్లి గొంతు సవరించుకుంది. “ఉరుముకి భయం. చీపురు ఎత్తితే భయం. ఇనుము చప్పుడంటే...”

చిన్ని చేతులు బిగుసుకున్నాయి. తండ్రి కళ్ళతోనే వద్దు వద్దు అంటున్నాడు.

“ఇనుము చప్పుడంటే చచ్చేంత భయం,” తల్లి ఆగలేదు. “తాళాల గుత్తి టేబుల్ మీద పడెయ్యకండి, మెల్లగా పెట్టండి. ఉరిమితే మంచం కింద దూరతాడు, తల ఒక్కటే పడుతుంది. నవ్వకండి, వాడికి అదే చాలు. పక్కన కూర్చుని ఏదన్నా మాట్లాడుతూ ఉండండి, ఏం మాట్లాడినా పర్లేదు, నేనైతే బట్టల కొలతలు చెప్తాను. గిన్నె గోడ పక్కన పెడితే తినడు, మనుషులు కనిపించాలి. గేటు దగ్గర ఆగిపోతాడు. లాగకండి. పిలవకండి కూడా. ముందు నడిచి ఆగండి, వస్తాడు. కొంచెం సేపు పడుతుంది, అంతే. వస్తాడు.”

చిన్ని బిగించిన చేతులు వదిలింది.

“కరుస్తాడా?” అంది నర్సరీ ఆవిడ.

తల్లి కూతురి వైపు చూడలేదు. “కరవడు,” అంది.

నర్సరీ ఆవిడ మోకాళ్ళు రాసుకుంది. “మాకు చుట్టూ కంచె ఉంది. వాడు పడుకునేది నా గదిలోనే. పోయిన ఏడు మా ముసలి కుక్క చచ్చిపోయింది, దాని చోటు అలాగే ఉంది. నిజం చెప్పొద్దూ, ఇన్ని తెలిసిన మనిషి దగ్గర్నుంచి తీసుకెళ్ళాలంటే నాకే భయమేస్తోందండీ.”

“భయపడండి,” అంది తల్లి. “కొంచెం ఉండాలి. కానీ తీసుకెళ్ళండి.”

ఆదివారం పొద్దున్న నర్సరీ వ్యాను వచ్చింది. దూరం ప్రయాణం, వాడికి అలవాటయ్యేలా చిన్ని కూడా వెళ్ళి రాత్రికి అక్కడే ఉండాలని అనుకున్నారు. ఇంటి ఓనరు మెట్ల దగ్గరికి వచ్చి, “పోతున్నాడా? మొన్న నా చెప్పులు వాసన చూశాడు, పోన్లెండి, కొరకలేదు,” అని కుక్క నెత్తి మీద రెండు వేళ్ళు పెట్టి తీశాడు. తండ్రి, “పెద్దాయనా, మాట వినండి అక్కడ,” అని ఇంకేదో అనబోయి, వ్యాను టైర్లలో గాలి చూసే మిషతో వంగిపోయాడు.

తల్లి మిషను కింద పరిచిన దుప్పటి మడత పెట్టి తెచ్చి వ్యానులో పరిచింది. ఉతకలేదు, కావాలనే. పెద్దాయన ఎక్కి, దాని మీద గడ్డం ఆనించి, ఆమె చేతి వంక చూస్తూ పడుకున్నాడు. ఆమె ఆ మెడ పట్టీ సరిచేసింది, బాగానే ఉన్నదాన్ని మళ్ళీ సరిచేసింది.

చిన్ని ముందు సీట్లో కూర్చుంది. తల్లి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“ఆ హాస్పిటల్ ఈ దారిలోనే కదా,” అంది. “నర్సరీకి దగ్గరేనట, ఆవిడ చెప్పింది. రేపు తెరిచే ఉంటుందిగా. వెళ్ళి అడుగు. నీ చోటు ఎవరికన్నా ఇచ్చేశారేమో. ఇవ్వలేదేమో. అడిగి రా.”

చిన్ని తల్లి మొహంలోకి చూసింది, ఏదో వెతుకుతున్నట్టు. కళ్ళలో నీళ్ళున్నాయా అని కాబోలు. లేవు. అవి రాకుండా ఆపడానికి ఆమె ఎంత గట్టిగా కిటికీ అంచు పట్టుకుందో చిన్నికి కనిపించి ఉండదు. వ్యాను కదిలింది.

“చేరగానే...” తండ్రి గేటు దగ్గర నుంచి అందుకోబోయాడు. తల్లి ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“అనలేదేం?” అన్నాడాయన ఆశ్చర్యంగా.

“లోపలికి పదండి.”

మధ్యాహ్నం దాటింది. తల్లి మిషను ముందు కూర్చుంది. పెడల్ ఖాళీగా ఉంది. ఇప్పుడు ఎంత వేగంగానైనా తొక్కొచ్చు. పాదం పెట్టి మళ్ళీ తీసేసింది. చేత్తోనే చక్రం తిప్పుతూ ఒక అంచు కుట్టింది. వంకర పోయింది, విప్పింది. ఆకాశం కమ్ముకొచ్చింది. దూరంగా ఉరిమింది. ఆమె పాదాల దగ్గర చూసుకుంది.

“నర్సరీలో రేకుల షెడ్డుందట,” అంది పైకే. “రేకుల మీద వాన పడితే ఎంత చప్పుడు!”

“ఫోన్ చెయ్యనా?” అన్నాడు తండ్రి.

“వద్దు.”

“పోనీ ఆవిడకి చేస్తాను.”

“వద్దన్నానా!”

ఫోన్ మిషను బల్ల మీద, కత్తెర పక్కన ఉంది. రోడ్డు తడిసి ఉంటుంది. మలుపులుంటాయి. వాడు భయపడి ముందు సీట్లోకి దూకితే? డ్రైవరు చెయ్యి తప్పితే? ఒకదాని తర్వాత ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి. వాటిని వెళ్ళగొట్టలేదు, అది తనవల్ల అయ్యే పని కాదు. కూర్చోనిచ్చింది. ఫోన్ మాత్రం ముట్టుకోలేదు. గేటు బయట వీపు తిప్పి నిలబడ్డప్పుడు మెడ ఎలా లాగిందో, ఇప్పుడు చెయ్యి అలాగే లాగుతోంది. తండ్రి టీ పెట్టి తెచ్చాడు. అది చల్లారి పైన మీగడ కట్టింది. వాన వచ్చింది, కాసేపు కొట్టింది, తగ్గింది. కిటికీ ఊచల మీద చుక్కలు జారుతున్నాయి.

సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే ఫోన్ మోగింది.

తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక ఎక్కడో రేకుల మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“అమ్మా,” అంది చిన్ని. “చేరాం.”

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఇద్దరమూ చేరాం. ఉరిమితే వాడు ఆవిడ మంచం కింద తల పెట్టాడు. ఆవిడ పక్కన కూర్చుని విత్తనాల పేర్లు చదువుతోంది. రేపు పొద్దున్నే హాస్పిటల్‌కి వెళ్తానమ్మా. అక్కడికి చేరాక కూడా చెప్తాను.”